బొమ్మరింట్లో నిజం పొయ్యి, నిజం కుళాయి: రెండు చిన్న ఇళ్ల కథ

ఈసారి పంట గురించి కాదు, రేటు గురించి కాదు. పిల్లలు ఆడుకునే ఇంటి గురించి రాస్తున్నాను. ఇదేం సబ్జెక్టు అనుకోకండి. కాస్త ఓపికపట్టి చివరిదాకా చదవండి, ఇందులో మన పొలమూ ఉంది, మన గిట్టుబాటు ధరా ఉంది.

మన దగ్గర పిల్లల ఆటిల్లు అంటే ఏముంది? తడి ఇసకలో కాలు పెట్టి, పైన ఇసక మెత్తి, మెల్లగా కాలు లాగితే పిచ్చుకగూడు. నాలుగు పుల్లలు పాతి పైన పాత చీర కప్పితే బొమ్మరిల్లు. అందులో లక్కపిడతలు, చిన్న చిన్న చట్టీలు, ఉత్తుత్తి పొయ్యి, గుజ్జనగూళ్లు. మన అనకాపల్లి వైపు ఏటికొప్పాకలో అంకుడు కర్రతో చేసి లక్క రంగు వేసే వంటసామాను ఈ ఆట కోసం పుట్టిందే. మన ఆటిల్లు సాయంత్రానికి కూలిపోతుంది, మర్నాడు మళ్లీ లేస్తుంది. గోడల మీద ఎవరికీ పట్టింపు లేదు. పిల్లల ధ్యాసంతా లోపల సర్దుకోవడం మీదే. ఇక్కడ పొయ్యి, ఇక్కడ బిందె, ఇక్కడ అమ్మ పడుకుంటుంది అని గీతలు గీసుకుంటారు.

పెద్దవాళ్లకైనా అంతే కదండీ. ఇల్లు కట్టి చూడు అన్నారు పెద్దలు. స్లాబు పడగానే ఇల్లయిపోయింది అనుకుంటాం. అసలు ఖర్చు అప్పుడు మొదలవుతుంది. వైరింగు, పైపులు, గచ్చు, తలుపులు, అలమరలు, సున్నం. మనిషి బతికేది గోడల మధ్య ఖాళీలో, ఆ ఖాళీని బతకడానికి పనికొచ్చేలా చేసేది లోపలి పనే.

ఆ లోపలి పనిని పిల్లల ఆటిల్లలో కూడా నిజంగా చేసిన చోట్లు రెండు ఉన్నాయి. రెండూ ఇంగ్లండు రాజకుటుంబానివే. మనల్ని ఏలినవాళ్ల వైభోగం మనకెందుకు అంటారేమో. వాళ్లను పొగడటానికి రాయడం లేదు. ఆ ఇళ్ల లోపల ఏం పెట్టారు, ఎవరు చేసి పెట్టారు, వాటిలో పిల్లలు ఏం నేర్చారు అన్నది చూస్తే మనకు పనికొచ్చే మాట ఒకటి దొరుకుతుంది.

మొదటిది 1854 నాటిది. విక్టోరియా రాణికి ఐల్ ఆఫ్ వైట్ అనే దీవిలో ఆస్బోర్న్ అనే ఎస్టేటు ఉండేది. అక్కడ పెద్ద బంగళాకు దూరంగా, తోటలో, ఆమె భర్త ఆల్బర్ట్ పిల్లల కోసం ఒక చెక్క ఇల్లు వేయించాడు. స్విట్జర్లాండు కొండల్లో రైతుల ఇళ్లు ఎలా ఉంటాయో అలా కట్టించాడు కాబట్టి దాన్ని స్విస్ కాటేజ్ అన్నారు. 1853లో పని మొదలై 1854లో పిల్లల చేతికొచ్చింది. అప్పటికి ఆ దంపతులకు ఎనిమిదిమంది పిల్లలు. తొమ్మిదో పిల్ల 1857లో పుట్టింది.

ఆ ఇంటి కింది భాగంలో వంటగది ఉంది. బొమ్మ వంటగది కాదండీ. పిల్లల ఎత్తుకు తగ్గట్టు చేసిన, నిజంగా నిప్పు మండే పొయ్యి. దానికి తగ్గ గిన్నెలు, పెనాలు. రాణిగారి కూతుళ్లు అక్కడ పిండి కలిపి రొట్టెలు, కేకులు చేసి, టీ కాచి, అమ్మానాన్నల్ని పిలిచి పెట్టేవాళ్లు. లోపల ఒక చిన్న కిరాణా కొట్టు కూడా పెట్టారు. దానికి స్ప్రాట్ అని బోర్డు రాసి, రాణిగారి కిరాణా వర్తకుడు అని కింద తగిలించారు. సామాను పేర్లు, ధరలు, లెక్కలు పిల్లలకు అలవాటు కావాలని.

ఇంటి బయట ఇంకా బాగుంటుంది. ఒక్కో పిల్లకు, ఒక్కో పిల్లాడికి ఒక్కో మడి. అందులో కూరగాయలు, పండ్ల మొక్కలు, పూలు. ఎవరి పార వాళ్లది, ఎవరి తోపుడు బండి వాళ్లది. బండ్ల మీద వాళ్ల వాళ్ల పేరు మొదటి అక్షరాలు రాసి ఉండేవి. ఆ చిన్న బండ్లు ఈరోజుకీ అక్కడ వరసగా పెట్టి ఉన్నాయి. పండించిన కూరగాయల్ని తండ్రి ఆల్బర్ట్ మార్కెట్టు రేటుకు డబ్బిచ్చి కొనేవాడు.

ఇక్కడ మన రైతులకు నవ్వొస్తుంది. నాకూ వచ్చింది. కొనేవాడు ఇంట్లోనే ఉన్నాడు. దళారి లేడు, తరుగు లేదు, తేమ ఎక్కువుందని పక్కన పెట్టేవాడు లేడు. వాన ఎగ్గొడితే అప్పు తీర్చాల్సిన బాధ లేదు. అలాంటి కొనుగోలు కేంద్రం మనకొక్కటి ఉంటే చాలు కదా! ఆ పిల్లలు విత్తడం నేర్చారు, కలుపు తీయడం నేర్చారు, అమ్మడం కూడా నేర్చారు. అమ్ముడుపోకపోతే ఏం చేయాలో మాత్రం ఏ మడీ నేర్పలేదు. సేద్యంలో సగం చదువు అదే.

అయినా ఆల్బర్ట్ చేసినదాంట్లో ఒక పట్టు ఉంది. పొయ్యి నిజంది, పార నిజంది, డబ్బు నిజంది. పిల్లలకు అబద్ధం సామాను ఇచ్చి ఆడుకోమనలేదు. సైజు మాత్రం తగ్గించాడు.

అయితే ఈ కథకు రెండో పక్క కూడా చెప్పాలి. ఆ ఇంటికి పునాది పడటానికి పదకొండేళ్ల ముందు, 1842లో, బ్రిటన్ పార్లమెంటు గనుల చట్టం ఒకటి చేసింది. పదేళ్లలోపు మగపిల్లల్ని, ఏ వయసు ఆడవాళ్లనైనా బొగ్గు గనుల్లో భూమి కింద పనికి దించకూడదు అని. చట్టం చేయాల్సి వచ్చిందంటే అంతవరకు దించుతున్నారన్నమాటే. చీకట్లో కూర్చుని గాలి కోసం పెట్టిన తలుపుల్ని తీసి వేసే పని చిన్నపిల్లలది. తొట్లను తాడు కట్టి లాగే పని కొంచెం పెద్దపిల్లలది. వాళ్ల చేతికీ చిన్న సామానే ఇచ్చారు. పని నిజమే, డబ్బూ నిజమే.

మరి తేడా ఏమిటి? రాణిగారి పిల్ల పార పక్కన పెట్టి చదువుకోడానికి వెళ్లగలదు. గనిలో పిల్లాడు వెళ్లలేడు. ఆ ఒక్క తేడాయే పనిని చదువుగా మారుస్తుంది, లేదా పిల్లాడి నడుం విరుస్తుంది. ఈ మాట మనం మనసులో పెట్టుకోవాలి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

రెండో ఇల్లు 1932 నాటిది. విక్టోరియా మునిమనవడు యార్క్ డ్యూక్. ఆయన పెద్దకూతురు ఎలిజబెత్ 1926 ఏప్రిల్ 21న పుట్టింది. తర్వాత రాణి అయి, 2022లో చనిపోయిన ఎలిజబెతే. ఆ పిల్లకు ఆరేళ్లు వచ్చినప్పుడు వేల్స్ ప్రజల తరఫున ఒక ఇల్లు కానుకగా ఇచ్చారు. పేరు బూథిన్ బాఖ్. వేల్స్ భాషలో చిన్న కుటీరం అని అర్థం. విండ్సర్ దగ్గర రాయల్ లాడ్జ్ తోటలో ఇప్పటికీ ఉంది.

కొలతలు వినండి. పొడవు 24 అడుగులు, లోతు 8 అడుగులు. లోపల గదుల ఎత్తు 5 అడుగులు. పెద్దవాళ్లు వంగి తిరగాల్సిందే. మన పాత పూరిళ్లలో చూరు తగలకుండా వంగి లోపలికి పోయేవాళ్లం, గుర్తుందిగా? దానిక్కూడా గడ్డి కప్పే. ఎడ్మండ్ విల్మాట్ అనే ఆయన ప్లాను గీశాడు.

కింద వంటగది, కూర్చునే గది. పైన పడకగది, స్నానాలగది. నాలుగు గదులూ పూర్తిగా ముస్తాబు చేసి ఇచ్చారు. కరెంటు దీపాలు వెలుగుతాయి. కుళాయి తిప్పితే వేడినీళ్లు, చన్నీళ్లు రెండూ వస్తాయి. వంటగదిలో పొయ్యి పనిచేస్తుంది, ఫ్రిజ్ పనిచేస్తుంది. రేడియో పాడుతుంది. స్నానాలగదిలో తువ్వాలు ఆరేసే కమ్మీ కూడా వేడెక్కుతుంది. ఓక్ చెక్కతో చేసిన గిన్నెల బీరువా, అందులో బుల్లి పింగాణీ పళ్లాలు. దుప్పట్ల మీద ఆ పిల్ల పేరులో మొదటి అక్షరం కుట్టారు. అలమరలో పిల్లల కథల పుస్తకాలు. నిప్పుగూడు పైన ఆ పిల్ల తల్లి బొమ్మ, ఒక వేల్స్ చిత్రకారిణి గీసింది. ఇంటికి బీమా కాగితం కూడా రాసిచ్చారు!

ఆ బీమా ఉత్త తమాషా అనుకోకండి. ఇల్లు దారిలో తరలిస్తుండగా కప్పు అంటుకుంది. గడ్డి, కొంత కలప కాలిపోయాయి. గడ్డి ఇంటికి నిప్పంటే ఏమిటో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఎండాకాలంలో ఒక నిప్పురవ్వకు వాడ మొత్తం పోయిన ఊళ్లు మనకు తెలుసు. అయినా పనివాళ్లు మళ్లీ కూర్చుని, గబగబా బాగుచేసి, పుట్టినరోజు ఏడాదికే అందించారు.

ఇక అసలు ప్రశ్న. ఒక డ్యూక్ కూతురికి, అన్నీ ఉన్న పిల్లకు, వేల్స్ వాళ్లు ఎందుకింత చేశారు?

1932లో వేల్స్ పరిస్థితి వింటే గుండె బరువెక్కుతుంది. ప్రపంచమంతా మాంద్యం. వేల్స్ బతికేది బొగ్గు మీద, ఉక్కు మీద. రెండూ పడిపోయాయి. ఆ ఏడాది బీమా ఉన్న మగ పనివాళ్లలో నూటికి 40 మందికి పైగా పనిలేక కూర్చున్నారు. రెండు యుద్ధాల మధ్య 4 లక్షల మందికి పైగా వేల్స్ వదిలి పనికోసం వేరే చోట్లకు పోయారు. ఒకే పంట వేసిన ఊరు ఆ పంట రేటు పడితే ఎలా ఖాళీ అవుతుందో, ఒకే పని నమ్ముకున్న ఆ లోయలు అలా ఖాళీ అయ్యాయి. వలసబండి ఎక్కడం మనకు కొత్త కాదు కాబట్టి ఇంతకంటే వివరించక్కర్లేదు.

అలాంటి ఏడాదిలో ఆ ఇంటిని వేల్స్ పనివాళ్ల చేతులతోనే కట్టారు. వడ్రంగి, తాపీ మేస్త్రి, గడ్డి కప్పేవాడు, కరెంటు పనివాడు, పైపుల పనివాడు, కుట్టుపని చేసే ఆడవాళ్లు, అందరూ అక్కడివాళ్లే. అది ప్రేమతో ఇచ్చిన కానుకే. కానీ నాకు అందులో ఇంకో మాట కూడా వినిపిస్తుంది. మా చేతుల్లో పనితనం పోలేదు, పని లేకే ఖాళీగా ఉన్నాం, మాకు పనివ్వండి అని దేశానికి చెప్పినట్టుంది. దాన్ని లండన్‌లో ఐడియల్ హోం ప్రదర్శనలో జనానికి చూపించారు కూడా. బిచ్చం అడిగేవాడు చెయ్యి చాపుతాడు. పనిమంతుడు తన పని చూపిస్తాడు.

పనివాళ్లెవరైనా ఒప్పుకుంటారు, చిన్న సామాను చేయడం చిన్న పని కాదు. పెద్ద తలుపుకు వేసే బందు కంటే బుల్లి తలుపుకు వేసే బందుకు ఎక్కువ ఓపిక కావాలి. గొళ్లెం అరంగుళం పక్కకి పోతే పెద్ద తలుపులో తెలీదు, చిన్న తలుపు పడదు. పైగా ఇంటి సైజు తగ్గించొచ్చు గానీ నీళ్లను, కరెంటును తగ్గించలేం. బుల్లి స్విచ్చి వేసినా షాకు బుల్లిగా కొట్టదు. అందుకే అలాంటి ఇంటి లోపలి పని పెద్దింటి పనంత జాగ్రత్తగా చేయాలి, ఎప్పటికప్పుడు చూసుకోవాలి. 2012 నాటికి ఆ ఇల్లు పాతబడితే, రాణి మనవరాలు బియాట్రిస్ దగ్గరుండి బాగుచేయించింది. వైరింగు మార్చారు, గడ్డి మళ్లీ కప్పించారు, కర్టెన్లు, కుర్చీల గుడ్డలు కొత్తవి వేయించారు. ఎనభై ఏళ్లు ఒక ఆటిల్లు నిలిచిందంటే లోపలి పని అంత గట్టిగా చేశారన్నమాట.

ఇక్కడ మనసుకు తట్టుకోలేని సంగతి ఒకటుంది. బొగ్గు పని చేసి ఇంటికొచ్చిన వేల్స్ గని కార్మికుడు ఎలా స్నానం చేసేవాడో తెలుసా? చాలా ఇళ్లలో స్నానాలగదే ఉండేది కాదు. వంటింట్లో నిప్పు ముందు రేకు తొట్టి వేసి, ఇంటావిడ బొగ్గుపొయ్యి మీద నీళ్లు కాచి పోస్తే, అందులో కూర్చుని మసి కడుక్కునేవాడు. ఇంట్లో ముగ్గురు గనికి పోతే ముగ్గురికీ అదే తొట్టి. ఆ రోజుల్లో పల్లెటూళ్లలో రైతుల ఇళ్లు చాలావాటికి కరెంటు కూడా లేదు. అలాంటి ఇళ్ల మధ్య నుంచి వచ్చిన చేతులే ఆరేళ్ల పిల్ల ఆడుకునే ఇంట్లో వేడినీళ్ల కుళాయి బిగించాయి.

నేను దీన్ని వాళ్ల తెలివితక్కువతనం అనను. నేతగాడు కట్టుకునే బట్ట ఏమిటి, నేసే చీర ఏమిటి? మనం పండించే సన్నబియ్యం ఎవరు తింటారు, మనింట్లో ఏం వండుతాం? చేసినవాడికి దక్కని సుఖాన్ని చేసి ఇవ్వడం ప్రపంచంలో అన్ని వృత్తుల్లోనూ ఉంది. కాకపోతే బూథిన్ బాఖ్ గురించి చెప్పేటప్పుడు అందరూ చిన్నరాణి ముచ్చట చెప్పి వదిలేస్తారు. ఆ పైపు బిగించినవాడి ఇంట్లో కుళాయి ఉందా అని అడగరు. చరిత్ర చదివేటప్పుడు మనలాంటివాళ్లం ఆ ప్రశ్న తప్పకుండా అడగాలి.

మరి ఆ ఇంట్లో పిల్ల ఏం నేర్చింది? ఆ అక్కచెల్లెళ్లకు చదువు చెప్పిన మేరియన్ క్రాఫర్డ్ అనే ఆవిడ 1950లో ఒక పుస్తకం రాసింది. అందులో ఆ చిన్న ఇంటిని ఎలిజబెత్ ఎంత శుభ్రంగా పెట్టుకునేదో చెబుతుంది. ఊరెళ్లేముందు సామాను మీద గుడ్డలు కప్పడం, వెండి గిన్నెలు నల్లబడకుండా కాగితాల్లో చుట్టడం, చెల్లెలు సాయం చేయడం. నిజం సామాను ఇస్తే పిల్లలకు నిజం జాగ్రత్త వస్తుంది. ప్లాస్టిక్ గిన్నెను విసిరేసినా ఏం కాదు. పింగాణీ పళ్లెం పడితే పగులుతుంది. పగిలే వస్తువు ఇచ్చామంటే నిన్ను నమ్ముతున్నాం అని పిల్లకు చెప్పినట్టే.

ఈ మాట రాజుల ఇళ్లకే పరిమితం కాదు. 1907లో మరియా మాంటిస్సోరి అనే డాక్టరమ్మ ఇటలీలో, రోమ్ నగరంలోని పేదల వాడలో ఒక బడి తెరిచింది. పిల్లల ఎత్తుకు తగ్గ కుర్చీలు, బల్లలు. ఊడవడం, కడగడం, వడ్డించడం లాంటి ఇంటిపనులు చదువులో భాగం. దాని పేరే పిల్లల ఇల్లు. 1939లో ఆవిడ మద్రాసు అడయారుకు వచ్చి టీచర్లకు శిక్షణ ఇచ్చింది. అప్పటికి మన కోస్తా, సీమ జిల్లాలు ఆ మద్రాసు రాష్ట్రంలోవే. రాణి తోటలో తొమ్మిదిమందికి దొరికింది, కూలివాళ్ల పిల్లలకూ దొరకొచ్చని ఆవిడ చేసి చూపించింది.

ఇప్పుడు మన సంగతి. మన కష్టం మన పిల్లలకు వద్దు అనుకుంటున్నాం. అందులో తప్పు లేదు. బడి మానిపించి కలుపు తీయించే రోజులు పోవాలి, పోతున్నాయి, మంచిదే. గనిలో పిల్లాడి కథ మన చేలల్లో జరగకూడదు. కానీ ఆ భయంతో ఇంకో చివరకు పోయాం. రైతు ఇంట పుట్టి వరినారుకు, తుంగకు తేడా తెలియని పిల్లలు ఉన్నారు. చేతికి ఫోనిస్తున్నాం, పార ఇవ్వడం లేదు. ఫోనులో సేద్యం ఆట ఆడతారు, పెరట్లో మెంతులు చల్లరు. రేపు వీళ్లు ఆఫీసరైనా, వ్యాపారి అయినా, మన పంటకు రేటు కట్టే కుర్చీలో కూర్చున్నా, చేతికి మట్టి తగలనివాళ్లే అవుతారు. మన కష్టం తెలియని పిల్లల్ని మనమే తయారుచేసి, మన కష్టం ఎవరికీ తెలియదని ఏడిస్తే ఎలా?

అందుకని నేననేది ఇది. పెరట్లో నాలుగు కర్రలు పాతి, తాటాకో రెల్లుగడ్డో కప్పి పిల్లలకు ఒక చిన్న ఇల్లు వేయండి. కప్పుకన్నా లోపల ఏం పెడతామన్నదే ముఖ్యం. నేల అలికి చదును చేయండి, మేకులు బయటికి పొడుచుకు రాకుండా చూడండి. వాళ్ల చేతికి పట్టే చిన్న పార, చిన్న చెంబు, రెండు మట్టి చట్టీలు, ఒక చిన్న చీపురు పెట్టండి. కరెంటు తీగ లోపలికి లాగొద్దు. నిప్పు పని పెద్దవాళ్లు పక్కనుంటేనే. ఇల్లు పక్కన పరుపంత మడి చేసి ఆడపిల్లకూ మగపిల్లాడికీ చెరిసగం ఇవ్వండి. పొయ్యి దగ్గర ఇద్దరూ కూర్చోవాలి, పార ఇద్దరూ పట్టాలి. తోటకూర ఎదిగాక ఆల్బర్ట్ లాగా డబ్బిచ్చి కొనండి. ఒక్కోసారి ఈరోజు కూర వద్దు, రేటు పడింది అని కూడా చెప్పండి. ఆ రాకుమారులకు దొరకని పాఠం మన పిల్లలకు దొరుకుతుంది.

ఒక్కటి మాత్రం చేతులెత్తి దండం పెట్టి చెబుతున్నా. ఖాళీ అయిన పురుగుమందు డబ్బాలు, మందు కలిపిన బకెట్లు, మూతలు ఎంత కడిగినా ఆ ఇంట్లోకి రానివ్వకండి. రంగు డబ్బా కనబడితే పిల్లలకు అదే బిందె, అదే గ్లాసు. నిజం సామాను ఇవ్వడమంటే పొలం మొత్తం ఇచ్చేయడం కాదు, ఏది ఇవ్వాలో ఏది దాచాలో మనం తెలుసుకోవడం.

ఇక బడి టైముకు పార కింద పెట్టి పంపించేయండి. ఆట ఆటగా ఉన్నంతవరకే ఆ ఇల్లు ఇల్లు.

వేల్స్ పనివాళ్లు ఎవరి బిడ్డకో వేడినీళ్ల కుళాయి బిగించారు. మన పిల్లలకు మనం అంత చేయక్కర్లేదు. ఒక చిన్న పార, ఒక మడి, దాని మీద వాళ్ల పేరు. అది చాలు.

ఉంటానండి.